చోటు మార్చి చూడు

మా టీవీల ఫ్యాక్టరీలో బాబాయి అంటే ఒక్కడే. నాకు సొంత బాబాయి కాదు. ఆయన చూసి చెప్తుంటే పక్కన కూర్చుని పదకొండేళ్లు రాశాను, అలా అయిన బాబాయి. కొత్త రకం టీవీ ఏదైనా దుకాణానికి వెళ్లే ముందు మా గదికి రావాల్సిందే. ఆ గదిని అందరూ ‘ఇల్లు’ అంటారు. పాత సోఫా, ట్యూబ్‌లైటు, పడమటి వైపు కిటికీ, దానికి సగమే మూసుకునే కర్టెన్. జనం ఇళ్లలో ఎలా చూస్తారో అలాగే చూడాలని బాబాయి పట్టుదల. సోఫా మధ్యలో, ఓ చివర, చివరికి నేల మీద చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుని కూడా చూసేవాడు.

“చీకట్లో కూర్చుని బాగుందంటే ఎలా అమ్మాయ్? పట్టపగలు కిటికీ తెరువు, దీని బండారం బయటపడుతుంది. చూడు, సినిమాలో దొంగ కనబడటంలేదు, మన కిటికీ కనబడుతోంది. రాయి!”

తెర మీద మచ్చ కనబడితే మాత్రం వెంటనే రాయనిచ్చేవాడు కాదు. చోటు మార్చి చూడమనేవాడు. మచ్చ తెర మీద ఉన్నచోటే ఉంటే తప్పు టీవీది. మనతోపాటు జరిగితే తప్పు గదిది, ఏదో వెలుగో నీడో పడుతోందన్నమాట. కొత్తగా చేరినవాళ్లని ఈ ఒక్క ముక్కతో చంపుకుతినేవాడు.

అలాంటి మనిషి ఒక సోమవారం తెరంతా బూడిదరంగు పెట్టించి, అలవాటుగా కుడి కన్ను అరచేత్తో మూసుకుని, “ఎడమపక్క కింద మూల నీడ. రాయి” అన్నాడు. కూర్చున్న చోటునుంచి కదల్లేదు. నాకు ఏ నీడా కనబడలేదు. నా కళ్లకేం రోగమో అని తిట్టుకుని రాశాను. మంగళవారం ఇంకో సెట్టు, అదే మూల. బుధవారమూ అదే మూల. గురువారం ప్యానెళ్లు బిగించే విభాగం మేస్త్రీ మా గదిమీదకి యుద్ధానికొచ్చాడు.

“విప్పి చూశాం, అద్దంలా ఉన్నాయి. మా మీదేమైనా పగబట్టావా బాబాయ్?”

“నా కన్ను తప్పంటావా?” అని బాబాయి లేచాడు. కోపంతో అరుస్తున్నాడనే అనుకున్నాను. గొంతు వణుకుతోందని ఆలస్యంగా అర్థమైంది. మేస్త్రీ వెళ్లాక చేతిలోని టీ గ్లాసు ఎడమపక్క బల్ల మీద పెట్టబోయాడు. బల్ల అంచు దాటి పెట్టాడు. గ్లాసు భళ్లుమని పగిలింది.

“బాబాయ్, చోటు మార్చి చూడండి.”

“నాకే నేర్పుతున్నావా?”

“నేర్పింది మీరే. మార్చేదాకా నేను రాయను.” కలం బల్ల మీద పడేసి చేతులు కట్టుకుని కూర్చున్నాను. నా మొండితనం ఆయనకి తెలుసు.

సోఫా కుడి చివరికి జరిగాడు. కుడి కన్ను మూసుకుని చూశాడు. నేను టీవీ ఆపేశాను. ఆయన మెల్లగా తల తిప్పి తెల్లగోడ వంక చూశాడు.

“గోడ మీదా ఉందమ్మా.”

“ఎన్నాళ్లనుంచి?”

“నాలుగు రోజులు. మొదట సన్నగా ఉండేది. పొద్దున్నుంచి పైకి ఎక్కుతోంది.”

“రెండో కంటితో చూస్తే?”

“దాంతో ఏం చూడను? చిన్నప్పటినుంచీ అది ఉన్నా లేనట్టే.”

పదకొండేళ్లు! కుడి కన్ను మూసుకోవడం ఆయన గొప్ప కిటుకనుకుని నేనూ ఇంట్లో అలాగే చూసేదాన్ని, మా ఆయన నవ్వేవాడు. ఉన్నది ఒక్క కన్ను. అది ఆరిపోతోందని తెలిసి, నెపం టీవీల మీద పెట్టి నాలుగు రోజులు గడిపాడు. లాగి ఒకటి ఇవ్వాలనిపించింది, కాళ్ల మీద పడి ఏడవాలనీ అనిపించింది.

“ఎవరితోనూ అనకు. మీ పిన్నితో అసలు అనకు.”

“నోరు మూసుకుని లేవండి” అన్నాను. పెద్దాయన్ని అంత మాట అనడం అదే మొదలు.

కళ్ల డాక్టరమ్మ చూసి తల పంకించింది. కంటి వెనక పొర ఊడుతోందట. మధ్యదాకా ఇంకా రాలేదు, వస్తే తన చేతిలో ఏమీ ఉండదంది. ఆ సాయంత్రమే ఆపరేషన్. పిన్ని పరుగున వచ్చింది. “ఇరవయ్యారేళ్లు కాపురం చేశాను. రెండో కన్ను కనబడదని నాతోనైనా అన్నాడా!” అని నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది.

కంట్లో గాలి నింపారు. అది కరిగేదాకా బోర్లా పడుకోమన్నారు. మూడు వారాలు ఆయన దిండుని చూశాడు, మేము ఆయన వీపుని చూశాం. “గుడ్డివాణ్ణయితే నన్నేం చేస్తారే?” అని దిండులోకే అడిగేవాడు. “తిండి పెడతాం, తిడతాం, ఇప్పుడు చేస్తున్నదేగా!” అనేది పిన్ని. వంటగదిలోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకునేది.

గాలి కరిగాక పరీక్షకి తీసుకెళ్లాం. డాక్టరమ్మ ఎదురుగోడ చూడమంది. బాబాయి కుడి కన్ను మూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

“గోడ కనబడుతోంది.” ఆగాడు. “ఎడమపక్క కింద మూల నీడ.”

పిన్ని గోళ్లు నా చేతిలో దిగాయి. డాక్టరమ్మ లైటు అందుకోబోయింది. బాబాయి ఆగలేదు. బల్ల పట్టుకుని లేచాడు, కుడివైపు రెండడుగులు వేశాడు, చూశాడు. తిరిగి ఎడమకి నడిచాడు, చూశాడు. “కూర్చోండి, పడతారు” అంటోంది డాక్టరమ్మ. ఆయన ఏం చేస్తున్నాడో ఆవిడకేం తెలుసు? నాకు తెలుసు. పిన్ని చెయ్యి వదిలేసి గోడ దగ్గరికి వెళ్లి, ఆ మూల తడిమాను. చల్లగా, చెమ్మగా తగిలింది.

“రాయమ్మా” అన్నాడు బాబాయి. “మచ్చ గోడదే.”

నా దగ్గర కాగితం లేదు. అరచేతిలో రాసుకున్నాను.