నడుము కొలిచిన నూలుపోగు

చల్లపల్లి మగ్గాల షెడ్డులో సాంబమూర్తి ఇరవై రెండేళ్లు ఒకే మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేశాడు. షుగరొచ్చి, పొట్ట పెరిగి, నేసిన బట్ట చుట్టుకునే కర్రకు ఆనడం మొదలైంది. చేయి సాగక సన్నపోగు చీరలు రెండు పాడయ్యాయి.

యజమాని ధనుంజయ్ అందరి ముందూ పునుగులు నములుతూ అన్నాడు. "నిన్ను గుంటలోంచి లేపాలంటే క్రేన్ తెప్పించాలయ్యా. మగ్గం వేరేవాడికిస్తున్నా. గేటు దగ్గర కుర్చీ వేయిస్తాలే, కూర్చో."

సాంబమూర్తి ఇంటికెళ్లి నడుముకు నూలుపోగు చుట్టి, ముడేసి, జేబులో దాచుకున్నాడు. ఆ మాట ఆ గుంట దగ్గరే తిరిగి అప్పజెప్పాలనుకున్నాడు.

బెజవాడ ఆస్పత్రిలో నర్సు తెరేసమ్మ విడమరిచి చెప్పింది. రోజంతా ఏదో ఒకటి తింటుంటే ఒంట్లో ఇన్సులిన్ తగ్గే సందుండదట. అది ఎక్కువున్నంతసేపూ ఒళ్లు కొవ్వును దాచుకుంటుందే గాని ఖర్చుపెట్టదట. కడుపుకు విరామమిస్తే కణాలు తమలో పాడైన ముక్కల్ని ఏరి మళ్లీ వాడుకుంటాయట. మనుషుల్లో అదెంత జరుగుతుందో ఇంకా తేలలేదనీ చెప్పింది. సాంబమూర్తికి బోధపడింది: ఆడుతున్న మగ్గం మీద తెగిన పోగు అతకలేం. డాక్టరు మాత్రల మోతాదు మార్చాకే ఉపవాసం మొదలుపెట్టాడు.

సాయంత్రం ఆరుకు చివరి ముద్ద, మళ్లీ పొద్దున ఎనిమిదికి. భార్య నాగమల్లేశ్వరి గొణిగినా వినలేదు. ఆకలేసినప్పుడల్లా ధనుంజయ్ మొహం తలుచుకునేవాడు. ఆకలి దానంతటదే సర్దుకునేది.

ఎనిమిది నెలలకు పోగు జానెడు వదులైంది. ఆ వారమే కొత్తవాడు ఆర్డరు చీరను సగంలో చెడగొట్టాడని, వచ్చి సరిచేయమని ధనుంజయ్ కబురంపాడు.

సాంబమూర్తి వెళ్లి గుంటలోకి జారాడు. కర్రకూ పొట్టకూ మధ్య నాలుగు వేళ్లు పట్టాయి. ధనుంజయ్‌కీ షుగరే. ఎలా తగ్గావని ఆత్రంగా అడిగాడు.

"చెబితే తెలిసేది కాదండీ. ముందు మీరిక్కడ కూర్చోండి," అంటూ సాంబమూర్తి పైకొచ్చాడు.

ధనుంజయ్ దిగాడు. కర్ర పొట్టలోకి దిగబడింది. లేవబోయి లేవలేకపోయాడు. షెడ్డులో మగ్గాలన్నీ ఆగిపోయాయి.

సాంబమూర్తి మెల్లిగా అడిగాడు. "క్రేన్ తెప్పించమంటారా, ధనుంజయ్ గారూ?"

ఇద్దరు చంకల కింద చేతులేసి లాగారు. సాంబమూర్తి జేబులోంచి పోగు తీసి ఆయన చేతిలో పెట్టాడు. "ఇది మీకు పట్టిన రోజున మిగతాది చెప్తా. గేటు దగ్గర కుర్చీ ఖాళీగానే ఉంది, కూర్చోండి."

ధనుంజయ్ ఆ పోగును తల మీదుగా వేసుకుని చూశాడు. పొట్ట దగ్గర ఆగిపోయింది. సాంబమూర్తి అటు చూడలేదు. గుంటలో కూర్చుని, చెడిన చీరలో తెగిన పోగులు ఒక్కొక్కటే అతుకుతున్నాడు.