ఆ సంచి వెంట

ఆమె పేరు నేను అడగలేదు. కొల్లాపూర్ అవతల నల్లమలలో తిరిగి నేనూ నా స్నేహితుడూ రోడ్డుకు వస్తుంటే వాన పట్టుకుంది. పొద్దున చీలమండల దాకా ఉన్న వాగు సాయంత్రానికి తొడల దాకా పెరిగింది. గట్టు మీద ఒక పెద్దామె ఒంటరిగా కూర్చుని నీళ్లవైపు చూస్తోంది.

నేను దిగబోతుంటే లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. నా వీపు సంచికి ఎద మీద, నడుము దగ్గర బిగించుకున్న పట్టీలను తనే విప్పింది.

"గిట్ల కట్టుకొని దిగొద్దు బిడ్డా. పడితే సంచి ఇడిసిపెట్టు. నా కొడుకు బియ్యం మూట ఈపుకు కట్టుకొని దిగిండు. ముడి ఊడలే."

"దొరికాడా అమ్మా?"

"లే. పోయినేడు శానా ఎతికిండ్రు. ఇగ దొరకడని నాకూ ఎరికనే. వాగొస్తే మాత్రం ఇంట్ల కూసోబుద్ది కాదు."

నడివాగులో నా కాలు జారింది. మునిగాను. భుజాలు విదిలించగానే సంచి ఊడిపోయింది, నేను పైకి తేలాను. స్నేహితుడు చొక్కా పట్టుకుని అవతలి గట్టుకు లాగాడు.

దగ్గు తగ్గాక, బతికానని చెప్పడానికి ఆమెకు చెయ్యెత్తాను. ఆమె నావైపు చూడటం లేదు. కొట్టుకుపోతున్న సంచి వెంట గట్టు మీద పరుగెడుతోంది. రాళ్లలో పడి, లేచి, మళ్లీ పరుగెత్తింది.

"అమ్మా, అది సంచే" అని అరిచాను.

వంపు దగ్గర సంచి మునిగిపోయింది. ఆమె అక్కడే నిలబడిపోయింది. చీకటి పడేదాకా పిలిచాం, తిరిగి చూడలేదు. ఆమె దగ్గరికి పోవాలంటే మళ్లీ వాగు దాటాలి. నీళ్లు ఇంకా పెరుగుతున్నాయి.