పుంగనూరామెకు చెప్పిన జవాబు

మా ఆయన మంచివాడని చెప్పేవాళ్ళు ఆదిలాబాదు నుంచి అనంతపురం దాకా ఉన్నారు. వాళ్ళలో ఒక్కరూ ఆయన ముఖం చూసినవాళ్ళు కాదు. రోజూ చూసేదాన్ని నేను. నన్నెవరూ అడగలేదు.

తొంభైల్లో పుంగనూరులో టైపు నేర్చుకున్నాను. ఇంగ్లీషు హయ్యర్ పరీక్ష పాసయ్యాను. కీబోర్డు వైపు చూడకుండా కొట్టగలను. ఆ వేళ్ళను చూసే మా అత్తగారు నన్ను మదనపల్లెకు కోడలిగా తెచ్చుకున్నారని మా అమ్మ గొప్పగా చెప్పుకునేది. ఆయనకు అప్పటికే కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఉండేది. తర్వాత ముందు గదిలో నాలుగు మెషీన్లు పెట్టి నెట్ సెంటర్ తెరిచాడు. ముందు గది నాది, వెనక రిపేరు బల్ల ఆయనది. మధ్యన ప్లైవుడ్ తడిక, దానికి చిన్న కిటికీ అంత అద్దం.

రెండు వేల సంవత్సరం దాటాక, తెలుగు ఊళ్ళలో అంగళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఒకరికొకరు సాయం చేసుకునే ఫోరం ఒకటి నెట్లో మొదలైంది. ఎవరి కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా అక్కడ రాస్తే, తెలిసినవాళ్ళు జవాబు రాస్తారు. రాసేది తెలుగే, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. మా ఆయనకు పని తెలుసు గాని టైపు రాదు. ఆయన నా కుర్చీ వెనక నిలబడి చెప్తుంటే నేను కొట్టేదాన్ని. మొదటి రెండేళ్ళూ ఫోరంలో ఆయన మాటలన్నీ నా వేళ్ళ మీదుగా పోయినవే. నాకది ఎంత బాగుండేదో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన జవాబుల్లో విసుగనేది ఉండదని ఫోరం నడిపేవాళ్ళు ఆయన్ని మోడరేటర్‌ని చేశారు. అంటే అక్కడి మర్యాదలకు కాపలాదారు అన్నమాట. ఎవరైనా నోరు జారితే ఆ రాతను తీసెయ్యాలి, వార్నింగ్ ఇవ్వాలి, మూడోసారికి బయటికి పంపాలి. ఆ పదవి వచ్చిన వారంలోనే ఆయన నియమాలు చెప్పాడు, నేను కొట్టాను. అన్నీ పెద్దక్షరాల్లో రాయొద్దు, అది అరిచినట్టు ఉంటుంది. అడిగిన ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాయొద్దు. ముందే జవాబున్న ప్రశ్న మళ్ళీ అడిగితే మూసేస్తాం. జవాబు అందుకున్నవాళ్ళు మళ్ళీ వచ్చి, పని చేసిందో లేదో చెప్పాలి. అన్నిటికంటే పైన పెట్టమని చెప్పింది ఒకటుంది. 'ఇది కూడా తెలీదా' అని ఎవరినీ అనొద్దు. దాన్ని నేను రెండుసార్లు సరిచూసి మరీ పెట్టాను.

తర్వాత ఆయన రెండు వేళ్ళతో కొట్టడం నేర్చుకున్నాడు. కోడి గింజలు ఏరినట్టు ఏరుకుంటాడు. అయినా ఇక నన్ను పిలవలేదు. వెనక బల్ల దగ్గర తనకంటూ ఒక మెషీన్ పెట్టుకున్నాడు. అద్దంలోంచి నాకు ఆయన వీపు కనిపించేది, పనిలో పడితే ఊగే భుజాలు కనిపించేవి. స్క్రీన్ వైపు చూసి నవ్వుకునేవాడు. నా వైపు చూసి అట్లా నవ్వి ఎన్నాళ్ళయిందో అని లెక్కపెట్టబోయి మానుకునేదాన్ని.

కుప్పం ఆమె వచ్చింది అప్పుడే. కుప్పంలో జిరాక్స్ అంగడి పెట్టుకున్నామె. వయసెంతో తెలీదు, మనిషెట్లా ఉంటుందో తెలీదు. తెలిసిందల్లా ఆమె వాక్యానికొకసారి 'అన్నా' అంటుందని. కొంచెం తెలుగూ కొంచెం అరవం కలిపి, 'అన్నా, ఇది యాల ఇట్లయ్యింది, కొంచెం సూడన్నా' అని రాస్తే చాలు, మా ఆయన రిపేరు బల్ల మీద విప్పిన మెషీన్లను అట్లాగే వదిలేసి జవాబు రాసేవాడు. అన్నా అంటే మాత్రం నాకు మంట తగ్గాలని ఏముంది? నేను ముందు గదిలో కూర్చుని ఆయన రాసిన ప్రతి జవాబూ చదివేదాన్ని. 'నిదానంగా చెయ్యమ్మా, తొందరేం లేదు.' 'రాకపోతే మళ్ళీ అడుగమ్మా, నేనుండాను కదా.' ఒకసారి ఆమె పోయిన నెల అడిగిందే మళ్ళీ అడిగింది. నియమం ప్రకారం మూసెయ్యాలి. మూసెయ్యలేదు. మొదట్నుంచి అంతా మళ్ళీ చెప్పాడు. ఆ నియమం టైపు కొట్టింది నేను కాబట్టి నాకు రెట్టింపు మండింది.

ఊరికి ఉపకారి, ఆలికి అపకారి అని మా అమ్మ మా నాన్నను అంటుంటే చిన్నప్పుడు నవ్వేదాన్ని.

అసలు సంగతి పెళ్ళిళ్ళ కాలంలో జరిగింది. పెళ్ళి పత్రికల పని పూర్తిగా నేనే చూసుకోవాలని నాకు ఎప్పటినుంచో కోరిక. టైపు నాది, పత్రిక అందంగా కూర్చడం నాది. ప్రింటర్ మొరాయిస్తే మాత్రం ఆయన చెయ్యి పడాలి. ఆ చివరి మెట్టు కూడా నేర్చుకుంటే ముందు గది నిజంగా నాదవుతుంది. ఆ రోజు పొద్దున కలకడ నుంచి పెళ్ళికొడుకు తండ్రి వచ్చి కూర్చున్నాడు. పత్రిక ఒకసారి కళ్ళారా చూసి పోతానన్నాడు. ప్రింట్ ఇస్తే రాలేదు. రద్దు చేసి మళ్ళీ ఇచ్చాను. అదీ రాలేదు. వెనక గదిలోకి పోయి, 'ప్రింటర్ కదల్లా, ఏం చెయ్యాలో చెప్పు, నేనే చేస్తా' అన్నాను.

మా ఆయన అప్పటికే హార్స్లీ హిల్స్ మీద ఒక గెస్ట్‌హౌస్‌లో కంప్యూటర్ చూడడానికి బయల్దేరుతున్నాడు. విసవిసా వచ్చి నా చేతిలోంచి మౌస్ లాక్కున్నాడు.

'ఇన్నేండ్ల నుంచి ఈడే కూర్చోనుండావు, ఇది కూడా తెలీదా? తెలీనప్పుడు యాల ముట్టుకుంటావు మే?'

పెళ్ళికొడుకు తండ్రి గోడ మీద క్యాలెండర్ వైపు చూశాడు. మా ఆయన ఏదో నొక్కాడు, ఏదో తీశాడు, ప్రింటర్ కదిలింది. ఏం చేశాడో నాకు కనపడనివ్వలేదు. మోటారు సైకిలెక్కి కొండకు పోయాడు.

ఆయన పోయిన కాసేపటికే ప్రింటర్ మళ్ళీ మొరాయించింది. నేనింక ఆగలేదు. మధ్యాహ్నం పోయిన కరెంటు రాగానే ఫోరంలో కొత్తగా చేరాను. పేరు అడిగిన చోట నేను పుట్టిన పుంగనూరు పేరే పెట్టాను. 'పుంగనూరులో పత్రికలు వేస్తాను. ప్రింట్ ఇస్తే ప్రింటర్ కదలడం లేదు. రద్దు చేసినా పోవడం లేదు. ఏం చెయ్యాలో నాకే చెప్పండి, నేనే చేసుకుంటాను' అని రాశాను. వారానికొకరు అడిగే ప్రశ్నే అది. అనుమానం రావడానికి ఏమీ లేదు.

గంటలోపల తిరుపతి నుంచి ఎవరో రాశాడు. 'ఇది కూడా తెలీకుండా అంగడి పెట్టుకున్నావా అమ్మా? పోయి వంట చేసుకో.' అదే రోజు అదే మాట రెండోసారి. చదివి స్క్రీన్ ఆపేశాను.

సాయంత్రం ఆయన కొండ దిగి వచ్చాడు. ముఖం కడుక్కుని వెనక బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను ముందు గదిలో. అద్దంలోంచి ఆయన వీపు చూస్తూ, నా స్క్రీన్ చూస్తూ ఉన్నాను. ముందు తిరుపతి వాడి రాత మాయమైంది. దాని చోట మోడరేటర్ మాట వచ్చింది. 'తెలిసుంటే ఆమె మనల్ని అడగదప్పా. తెలీదు కాబట్టే అడిగింది. అడిగినోళ్ళను చిన్నబుచ్చేవాళ్ళకు ఈడ చోటు లేదు. ఇది నీకు మొదటి వార్నింగ్.'

తర్వాత చాలాసేపు ఆయన రెండు వేళ్ళూ ఆడుతూనే ఉన్నాయి. జవాబు వచ్చింది.

'అమ్మా, మన టమోటా మార్కెట్టు గేటు దగ్గర ఒక లారీ చెడిపోయిందనుకో. వెనకాల లారీలన్నీ నిలబడిపోతాయి కదా. ఎంత హారన్ కొట్టినా లాభం లేదు. మీ ప్రింటర్‌లో కూడా ముందు ఇచ్చిన ప్రింట్ ఒకటి అడ్డం పడుండాది. దాన్ని పక్కకు తొయ్యాల.' ఆ తర్వాత ఏం ఆపాలో, ఏ చోటికి పోయి దేన్ని తీసెయ్యాలో, మళ్ళీ ఎట్లా మొదలుపెట్టాలో, ఒక్కో మెట్టూ. చివర్న, 'నువ్వే చేసుకుంటాననడం నాకు సంతోషంగా ఉండాది తల్లీ. ఎన్నిసార్లయినా అడుగు' అని.

ఆ పుంగనూరామె మీద నాకు పుట్టినంత అసూయ కుప్పం ఆమె మీద కూడా పుట్టలేదు. ఎవరీమె? ఏం చేసిందని ఈమెకు తల్లీ అని పిలుపు? పొద్దున అదే నోటితో నన్ను మే అని కసిరాడు. ఆమె నేనేనన్న సంగతి తెలిసీ కడుపు రగిలిపోయింది. తెలియడం వల్లనే ఎక్కువ రగిలింది.

ఆయన చెప్పినట్టే చేశాను. ప్రింటర్ కదిలింది. మామూలుగా ఆయన్ని పిలవాల్సిన పని, పిలవకుండా అయిపోయింది. ఇక నియమం ఒకటి మిగిలింది. మళ్ళీ వచ్చి పని చేసిందో లేదో చెప్పాలి. 'పని చేసింది' అని కొట్టాను. దాని పక్కన అందరూ పెట్టే మాట ఒకటుంది. ఫోరంలో ఆడా మగా, చిన్నా పెద్దా ఎవరైనా ఆయనకు 'థాంక్స్ అన్నా' అనే రాస్తారు. అది లేకపోతే పొగరనుకుంటారు. థాంక్స్ దాకా వేళ్ళు వచ్చాయి. ఆ తర్వాత రాలేదు. చూడకుండా కొట్టే వేళ్ళు, కట్టుకున్నవాణ్ణి అన్నా అని ఎట్లా కొడతాయి? ఎంత కోపమున్నా ఆ మాట మాత్రం నాకు రాలేదు. 'పని చేసింది. థాంక్స్' అని పంపేశాను.

అద్దంలో ఆయన భుజాలు ఊగడం ఆగింది. స్క్రీన్‌ని రెండోసారి చదువుతున్నట్టు ముందుకు వంగాడు. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగాడు. మా కళ్ళు అద్దంలో కలిశాయి. లేచి తడిక పక్కకు వచ్చి నిలబడ్డాడు.

'పుంగనూరామె నువ్వేనా?'

'యాల?'

'ఇన్నేండ్లలో అన్నా అననిది ఆమె ఒక్కతే.'

'అనమంటావా?'

నవ్వబోయి నా ముఖం చూసి ఆపుకున్నాడు. 'నన్నే అడిగుంటే చెప్పేవాణ్ణి కదా' అన్నాడు.

'అడిగినా. పొద్దున ఈడే అడిగినా. కలకడాయన కూడా విన్యాడు. తిరుపతోడికి వార్నింగ్ ఇచ్చినావు, బాగుండాది. నీకెవరిస్తారు?'

ఆయన వెనక బల్ల దగ్గరికి పోయాడు. మరుసటి పొద్దున కలకడాయన పత్రికల కట్టల కోసం వచ్చినప్పుడు, 'ప్రింటింగ్ అంతా ఆమెదేప్పా, ఏమున్నా ఆమెనే అడుగు' అని వెనక గదిలోంచి గట్టిగా చెప్పాడు. ముందు గది ఆ రోజు నాదయింది.

ఆ ఫోరం ఎప్పుడో మూతపడింది. కుప్పం ఆమె ఏమైందో తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. ఇప్పుడు నేనేదైనా అడిగితే మా ఆయన కసురుకోబోయి, నోటిదాకా వచ్చిన మాటను మింగి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు నిదానంగా చెప్తాడు. మంచిదే. కానీ ఆ ఒక్క క్షణం నాకు తెలుస్తుంది. పుంగనూరామెకు చెప్పేటప్పుడు ఆయనకు అట్లా ఆగాల్సిన పని పడలేదు.