డొక్కల గుంటల దగ్గర కొత్త మేనేజరు

మా దానమ్మక్క పోయి ఏడాది దాటింది. మనుషుల్ని తూకం వేయడంలో ఆమెకున్న తొందర తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మనిషిని చూడకముందే ఒక మాట అనేసేది. చూశాక ఆ మాట మార్చుకోవడానికి సిగ్గుపడేది కాదు.

రాజోలు దగ్గర ఒక కొబ్బరి పీచు సహకార సంఘంలో అక్క డొక్కల గుంటలు చూసేది. కొబ్బరి డొక్కలు నెలల తరబడి నీళ్లలో మగ్గితేనే పీచు వస్తుంది. మగ్గినంత కాలం ముక్కు పగిలే కంపు. బావ లేడు. ఇద్దరు పిల్లలకు ఆ కంపే కూడు పెట్టేది.

1981లో సంఘానికి గోవిందరాజులు గారు కొత్త మేనేజరుగా వస్తున్నారన్నారు. పాత చోట చేరిన రోజే నలుగురిని ఇంటికి పంపిన పులి అని పేపర్లో ఫొటోతో సహా వేశారు.

"ఆ మీసం చూడరా తమ్ముడూ! నన్నుంచేలా లేడు" అంది అక్క.

ఆయన వచ్చే ముందురోజు, అక్కతో పనిచేసే సువార్తమ్మకు ఒక ఆలోచన వచ్చింది. "అంత పెద్దాయనకి ఈ కంపు తగలనిస్తామా? మర్యాదగా ఉంటాదా?"

అక్కకూ నిజమే అనిపించింది. ఆడవాళ్లంతా కలిసి సగం మగ్గిన డొక్కల్ని పైకి లాగి, షెడ్డు వెనక తాటాకుల కింద దాచారు. గట్ల మీద ఫినాయిలు చల్లి, "పెళ్లివారిల్లులా ఉందే" అని మురిసిపోయారు.

మర్నాడు మేనేజరు గారు ఖాళీ గుంటల మధ్య నిలబడ్డారు.

"డొక్కలేవమ్మా?"

"నేనే ఎత్తించేనండి. తమరికి కంపు తగులుద్దని..." అంది అక్క.

"మగ్గకుండానే?"

"ఆయ్."

"మర్యాదకండీ" అని వెనక నుంచి సువార్తమ్మ గొణిగింది.

ఆయన ముఖం ఎర్రబడింది. ఉద్యోగం పోయిందనే అక్క అనుకుంది.

"ఆరిపోకముందే మళ్లీ గుంటల్లో వేసేయండి. నాకిక్కడే ఓ కుర్చీ వేయించండి, అదే మర్యాద."

డొక్కలు దిగుతుంటే అడుగు బురద కదిలి కంపు గుప్పుమంది. ఆయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. కళ్ల వెంట నీళ్లు కారాయి.

"ఆఫీసులో కూర్చోండి సార్" అంది అక్క.

"మరి మీరెక్కడ కూర్చుంటారు?"

"మాకలవాటేనండి."

"అయితే నన్నూ అలవాటు పడనివ్వండి."

పని ముగిసేసరికి పొద్దు వాలింది. అప్పుడు లేచి, "దానమ్మ గారూ, రేపట్నుంచీ ఈ గుంటల దగ్గర మాట మీదే. మగ్గేదాకా కలెక్టరొచ్చినా ఎత్తకండి" అన్నారు.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వస్తూనే చెప్పులు విదిలించి నవ్వింది.

"పులీ లేదు, గిలీ లేదురా. ముక్కు మూసుకున్నాడు గానీ కుర్చీ కదపలేదు మహానుభావుడు."

ఎప్పుడూ పిల్లలు తిన్నాక మిగిలిందే తినే మనిషి, ఆ పూట వాళ్లకంటే ముందు కంచం వేసుకుని కూర్చుంది.