యాభై ఒకటో పుట ముద్ర

1987 ఫిబ్రవరిలో నన్ను వరంగల్‌లోని ఒక శాఖా గ్రంథాలయానికి రెండో గ్రేడు గ్రంథపాలకుడిగా వేశారు. కొత్త పుస్తకం రాగానే మొదటి పుటతో పాటు లోపల ఒక రహస్య పుట మీద కూడా ముద్ర కొట్టేవాళ్ళం. ఎవరైనా అట్ట చించి ఎత్తుకుపోయినా, పుస్తకం మాదేనని ఆ పుట పట్టిస్తుంది. మాది యాభై ఒకటో పుట. బయట చెప్పకూడదు, నేనైతే మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఆ ఎండాకాలం మధ్యాహ్నాలు ఇప్పటికీ నాకు సగం నిద్రలో చూసినట్టే ఉంటాయి. తడిపిన వట్టివేళ్ల తడకలు, మసక వెలుతురు, ఫ్యాను గాలికి వాటంతటవే తిరిగే పత్రికలు. అంతలో మిరపకాయల ఘాటు వచ్చేది. అంటే యాకయ్య వచ్చాడన్నమాట. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీ, ఏడో తరగతి దాకా చదివినవాడు. రోజూ ఒకే వైద్య పుస్తకం తీసుకుని, ఒకే చోట తెరిచి, దగ్గుకుంటూ కూర్చునేవాడు.

ఒకరోజు దగ్గరికి వెళ్ళి చూశాను. క్షయ గురించిన పుట. దాని మీద మా గుండ్రటి ముద్ర.

"సారూ, అన్ని రోగాలను ఇడిసిపెట్టి దీని మీదనే సర్కారు ముద్ర ఎందుకు కొట్టిన్రు? ఇదొస్తే ఇగ బతకరనేనా?" అన్నాడు.

నెలన్నరగా వేరే కంచంలో తింటున్నాడట. ఏడాది బిడ్డను ఎత్తుకోవడం మానేశాడట. దవాఖానకు ఎందుకు పోలేదని అడిగితే, "సర్కారే రాసినంక డాక్టర్ ఏం జేస్తడు సారూ?" అన్నాడు. నవ్వబోయి ఆగాను. ఆ ముద్ర కొట్టిన చెయ్యి నాదే. సిగ్గేసింది.

నిబంధనను పక్కన పెట్టి, చేతికందిన పుస్తకాలన్నీ తెచ్చి యాభై ఒకటో పుట తెరిచాను. వంకాయ కూర మీద ముద్ర, సంధుల మీద ముద్ర, నక్క కథ మీద ముద్ర. ఒక్కోదాన్నీ వేలితో తడిమి చూశాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "వంకాయ కూర గూడ సంపుతదా సారూ?" అని నవ్వాడు.

ముద్ర సంగతి తేలింది కానీ దగ్గు సంగతి తేలలేదని చెప్పి, మర్నాడే దవాఖానకు పంపాను. కళ్లె పరీక్షల్లో, ఛాతీ ఎక్స్‌రేలో క్షయ లేదని తేలింది. మిర్చి దుమ్మువల్ల వచ్చిన దగ్గట. ఆ మాట చెప్పడానికి బిడ్డను భుజాన వేసుకుని వచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

భయపడ్డవాడు అచ్చులో ఉన్నదొక్కటే చదవడు. అందుకే ఆ తర్వాత ఎవరు వైద్య పుస్తకం అడిగినా, ఇచ్చేముందు "ఎవరికి బాగాలేదు?" అని అడిగేవాణ్ణి. ఆ ప్రశ్న మా నిబంధనల్లో ఎక్కడా లేదు.