పచ్చి గుత్తులు కోసిన మనిషి

అమెరికాలోని నోవైలో నేనుండే బేస్‌మెంట్ పైన కృష్ణమోహన్, రేణుల కాపురం. నెలకో శనివారం మధ్యాహ్నం వాళ్లింట్లో వైన్ రుచి చూసే గుంపు చేరుతుంది. కార్ల కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు ఆరుగురు. గ్లాసు గిరగిరా తిప్పడం యూట్యూబ్‌లో నేర్చుకుని, తాతల నాటి కల్లు ముంత సంగతి మరిచిపోయినవాళ్లు. వాళ్లంటే నాకు పెద్ద గౌరవం లేదు. నేను పైకి వెళ్లేది వెంకటస్వామి గారి కోసం.

ఆయన రేణు తండ్రి. ఆరు నెలలుండి పోదామని వచ్చాడు. చుక్క ముట్టడు. శామీర్‌పేట దగ్గర ఒక పటేలు ద్రాక్షతోటలో పదిహేనేళ్లు కత్తెర పట్టిన మనిషి. ఒక సంవత్సరం తీగలు మోయలేనంత కాశాయని, కాయలు బఠాణీలంత ఉండగానే సగం గుత్తులు కోసి కింద పడేశాడు. మిగిలిన పండు తేనెలా ఉందట. కానీ తూకం సగమైంది. పటేలు వెళ్లిపొమ్మన్నాడు. మళ్లీ ఏ తోటా ఆయన్ని రానివ్వలేదు. పార్కుల్లో గడ్డి కోసి పిల్లను చదివించాడు. ఊళ్లో మాత్రం "పంట చెడగొట్టిన స్వామి" అనే పేరు మిగిలింది. బడిలో రేణుని కూడా ఆ పేరుతోనే ఏడిపించేవాళ్లు. తండ్రి పని ఊసు ఆమె ఎప్పుడూ ఎత్తదు.

తాను నిజంగా చెడగొట్టాడా లేదా అన్నది ఇరవై నాలుగేళ్లుగా ఆయనకు తేలలేదు. గరాజ్‌లో కూర్చుని నాకు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ "నీకేమనిపిస్తది?" అని అడిగాడు. ద్రాక్ష గురించి నాకేం తెలుసు?

2013 అక్టోబర్‌లో గుంపు పెద్ద చక్రపాణి, గుంటూరాయన, ఫ్రాన్స్ నుంచి వచ్చిన సీసా ఒకటి బల్ల మీద పెట్టాడు. "2010 నాటి బోర్డో వైన్. అక్కడి తోటల్లో ఈ మధ్యకాలంలో ఇంత మంచి పంట రాలేదు."

"ఎకరానికి ఎన్ని టన్నులు దిగింది సార్?" అన్నాడు వెంకటస్వామి గారు.

అందరూ నవ్వారు. చక్రపాణి నవ్వకుండా ఫోన్‌లో వెతికాడు. "ఆ ఏడు పూత రాలిపోయింది బాబాయ్ గారూ. మూడు టన్నులు కూడా లేనట్టుంది."

"మూడా? మా దగ్గర పదిహేను దిగితే పటేలు మొకం మాడ్చుకునేటోడు. పంట పోతే మంచి పంటంటరేంది?"

"జాగ్రత్త సార్," అన్నాడు కృష్ణమోహన్. "మా మామయ్య కత్తెర పడితే ఆ మూడు కూడా మిగలవు."

వంటింట్లో రేణు కడుగుతున్న గిన్నెల చప్పుడు ఆగింది.

"అక్కడ కాపు తగ్గితేనే రసం చిక్కనవుద్ది," అన్నాడు చక్రపాణి. "ఎక్కువ కాస్తే వాళ్లే కోసేస్తారు. జులైలో పచ్చి గుత్తులు కత్తిరించి పారేస్తారు. గ్రీన్ హార్వెస్ట్ అంటారు."

వెంకటస్వామి గారు సోఫా అంచుకు జరిగాడు. "కావాలనే పారేస్తరా?"

"కావాలనే."

"ఎవరూ తిట్టరా?"

"తిట్టడమేంటండీ, దానికే మనుషుల్ని పెట్టుకుంటారు."

"కాయ ఎంతున్నప్పుడు?"

"రంగు తిరగడానికి కొంచెం ముందు."

ఆయన రెండు వేళ్ల మధ్య బఠాణీ అంత సందు పెట్టి చూసుకున్నాడు. "అయితే నేను జర తొందరపడ్డ. మనది తినే పండు, పటేలుకు తూకం కావాలె. ఆయనను అననీకి లేదు." చెయ్యి దించాడు. "గానీ నేను చెడగొట్టలె."

రేణు తడి చేతులతోనే వచ్చి ఆయన పక్కన కూర్చుంది. కృష్ణమోహన్ నోరు తెరవబోతే "నువ్వాగు" అంది.

"నాయినా, ఏ గుత్తి ఉంచాలె, ఏది కొయ్యాలె, ఎట్ల తెలుస్తది?"

చీజ్ ప్లేటులో ద్రాక్ష గుత్తి ఉంది. ఆయన దాన్ని తీసి ఆమె చేతికిచ్చాడు. "కాడ పట్టుకో. వేళ్ల నడుమ తిప్పి చూడు. సన్నగ తగులుతుందా? అట్లుంటే కొయ్యాలె."

ఆమె కళ్లు మూసుకుని తిప్పి చూసింది. చక్రపాణి సీసా మూత తియ్యడం మానేసి ముందుకు వంగాడు.