కెమెరాకి ఎదురుగా ముంత మసాలా బండి

గురునాథరావుకి చుట్టరికాలంటే పడదు. ఇంట్లో కాదు లెండి, తెర మీద. పోర్టులో సెక్యూరిటీ ఉద్యోగం చేసి రిటైరయ్యాక రుషికొండలో ఓ శిక్షణ కేంద్రంలో చేరాడు. సీసీ కెమెరాలు చూసేవాళ్ళకి పాఠం చెప్పడం, పరీక్ష పెట్టడం, పనికొస్తారో లేదో తేల్చడం ఆయన పని. వచ్చిన ప్రతి బ్యాచ్‌తోనూ ఒకటే తగువు. తెర మీద ఎవరు కనిపించినా వీళ్ళకి అక్కో, తాతో, బాబాయో అయిపోతారు.

"మామ్మ బ్యాగొగ్గేసి ఎలిపోతంది సార్!" అని మొదటిరోజే కేకేసింది పెందుర్తి నుంచి వచ్చే ఆశాజ్యోతి.

"ఎవరికి మామ్మ? నీ చుట్టమా? వైర్‌లెస్‌లో అవతలివాడికి మీ మామ్మ ఎలా తెలుస్తుంది? ఆడమనిషి, అరవై దాటిన వయసు, ఆకుపచ్చ చీర, బస్టాపు వైపు. కనిపించింది చెప్పు, చాలు."

పిల్ల చురుకైనదే. కోర్సు సగమయ్యేసరికి నాలుక దారికొచ్చింది. ఈ పరీక్ష గట్టెక్కితే కంట్రోల్ రూములో ఉద్యోగం. వాళ్ళింట్లో నెలజీతం తెచ్చే మొదటి మనిషి తనే అవుతుంది.

పరీక్ష రోజు పొద్దున్న బీచ్ రోడ్డు కెమెరాలు తెరల మీద నడుస్తున్నాయి. గురునాథరావు ఆమె వెనకే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఓ తోపుడుబండి వచ్చి, బళ్ళు పెట్టకూడదని బోర్డున్న చోట, కెమెరాకి సరిగ్గా ఎదురుగా ఆగింది.

ఆశాజ్యోతి ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత మైకు నొక్కింది.

"మగమనిషి, యాభై దాటిన వయసు. నెత్తిన ఎర్ర తువ్వాలు. ఎడమకాలు కుంటుతున్నాడు. ముంత మసాలా బండి, నీలం గొడుగు. పెట్టకూడని చోట ఆపాడు."

పెట్రోలింగ్ వాళ్ళు వచ్చి బండి తోయించారు. గొడుగు పీకి జీపులో పడేశారు. ఆ మనిషి చేతులు జోడించాడు. ఆమె అదీ చెప్పింది. "మొహం తుడుచుకుంటున్నాడు" అని ముగించింది. గొంతు ఇసుమంతైనా వణకలేదు. ఇంత శుభ్రమైన రిపోర్టు తనెప్పుడూ వినలేదనుకుని గురునాథరావు నూటికి నూరూ వేసేశాడు.

"సార్, తెలిసినోళ్ళు కనిపిత్తే సెప్పేసి కుర్సీ దిగిపోవాలన్నారు కదా. దిగకపోతే?"

"ఫెయిలే. అందులో మాటే లేదు."

"అయితే నన్ను ఫెయిల్ సేసేయండి సార్. ఆయన మా నాన్న."

గురునాథరావు తెర మీంచి చూపు ఆమె వైపు తిప్పాడు. "మరి చెప్పలేదేం?"

"సెప్తే, మావోడే ఒగ్గేయండని అడిగినట్టుంటాది కదా సార్. తెర మీద సుట్టరికాలొద్దని మీరే అన్నారు."

అలాంటి ఇరకాటం రాకూడదనే ఆ రూలు పెట్టారు. ఆ సంగతి పిల్లకి బుర్రకెక్కేలా చెప్పనిది తనే. అయినా రూలు రూలే. నూరు కొట్టేసి ఫెయిలని రాశాడు, వచ్చే బ్యాచ్‌తో మళ్ళీ రమ్మన్నాడు. ఆమె తలూపి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఊరికే నడిచినట్టు బీచ్ రోడ్డుకి దిగాడు. బళ్ళు పెట్టుకోనిచ్చే చివర, వరసలో గొడుగు లేనిది ఒక్క బండే. ఎర్ర తువ్వాలు అలాగే ఉంది.

"బావా, ఒక పొట్లం కట్టు" అన్నాడు. అన్నాక గాని తనేమన్నాడో ఆయనకి తెలిసిరాలేదు.

బండి మనిషి పేరు జగ్గారావట. ఉల్లిపాయలు తరుగుతూ తనే మాటలు కలిపాడు. గొడుగేమైందని అడిగితే నవ్వేశాడు.

"పొద్దున్న ఆ కెమెరా కాడ బండెట్టాను బావా. ఎత్తుకుపోనారు."

"అక్కడ పెట్టకూడదని తెలీదా?"

"తెల్దేటి! ఇయ్యాల మా పాపకి కెమెరాల పరీచ్చ. బీచు కెమెరాలే సూపిత్తారంది. బయపడిపోతాది కదా, నాను కనిపిత్తే దైర్యంగా ఉంటాదని ఎదురుగా ఎల్లి నిలబడ్డాను." పొట్లం చుడుతూ ఆగాడు. "సూసే ఉంటాదంటావా బావా?"

"చూసింది" అన్నాడు గురునాథరావు. "బాగా చూసింది."

ఆ మాటకి పొంగిపోయి జగ్గారావు పొట్లంలో ఇంకో గుప్పెడు మరమరాలు పోశాడు.